ఒకే పడవ, నాలుగు కాగితాలు: చిత్రకళ తరగతిలో పిల్లలు ఏడాది పొడవునా ఎదగడానికి ఒక పద్ధతి

విశాఖపట్నంలోని ఏ బడిలోనైనా ఆరో తరగతి పిల్లలకు తెల్ల కాగితం ఇచ్చి ఇష్టమైన బొమ్మ వేయమంటే, చాలా కాగితాల మీద ఒకే దృశ్యం కనిపిస్తుంది. రెండు త్రికోణపు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కొండల మధ్య నుంచి జారివచ్చే నది, ఒడ్డున పెంకుటిల్లు, పక్కన ఒక కొబ్బరిచెట్టు, పైన నాలుగు గీతల పక్షులు. ఆ బొమ్మ వేసిన పిల్లల్లో కొందరి ఇళ్ళు పెదజాలరిపేటలో ఉంటాయి, మరికొందరివి రామకృష్ణ బీచ్‌కు నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉంటాయి. సూర్యుడు సముద్రంలో నుంచి లేవడాన్ని వాళ్ళు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. అయినా పెన్సిలు పట్టుకోగానే ఎవరో ఎప్పుడో నేర్పిన కొండల సూర్యుడే చేతికి వస్తాడు.

ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. మన తరగతులు నడిచే తీరే అలా ఉంది. ఆగస్టులో జెండా, తరువాత వినాయకుడు, దసరాకు అమ్మవారు, నవంబరులో చాచా నెహ్రూ, సంక్రాంతికి ముగ్గు, ఇలా ప్రతి వారం ఒక కొత్త అంశం ఇస్తాము. పిల్లలు వేస్తారు, మనం సంతకం పెడతాము, ఆ కాగితాన్ని ఆ తరువాత ఎవరూ చూడరు. సంగీతం నేర్పేవారు ఇలా చేయరు. సరళీ వరసలు పాడిన పిల్లవాడి చేత అవే వరసలను రెండో కాలంలోనూ, మూడో కాలంలోనూ పాడిస్తారు. స్వరాలు అవే, వేగం మాత్రమే మారుతుంది, గొంతు ఎక్కడ జారుతోందో పాడేవాడికే తెలిసిపోతుంది. చిత్రలేఖనంలో కూడా అటువంటి అభ్యాసం ఉండాలన్నది నా గట్టి నమ్మకం. ఒకే వస్తువును ఒక టర్ములో నాలుగుసార్లు వేయించాలి, ప్రతిసారీ ఒక్క మార్పు మాత్రమే అడగాలి, ఆ నాలుగు కాగితాలనూ జాగ్రత్తగా దాచాలి. ఈ పని ఎలా చేయవచ్చో, నలభై మంది పిల్లలూ నలభై నిమిషాల పీరియడూ ఉన్న మామూలు తరగతిని దృష్టిలో పెట్టుకుని వివరిస్తాను.

మొదట ఫోల్డర్

పాత క్యాలెండర్ల అట్టలతో ప్రతి విద్యార్థి చేత ఒక ఫోల్డర్ తయారు చేయించండి. బొమ్మ వెనకవైపు పేరు, తేదీ, అది ఎన్నో ప్రయత్నమో తప్పనిసరిగా రాయించండి. తేదీ లేని బొమ్మ ఎంత బాగున్నా ఎదుగుదలను చూపించలేదు, ఎందుకంటే దేని తరువాత ఏది వచ్చిందో ఆరు నెలలు గడిచాక వేసినవారికి కూడా గుర్తుండదు. నచ్చని కాగితాన్ని చింపేయడానికి అనుమతి లేదన్న నియమాన్ని మొదటి రోజే చెప్పండి. పిల్లలు చింపాలనుకునేది చాలావరకు మొదటి ప్రయత్నాన్నే, మనకు అన్నిటికంటే ఎక్కువ అవసరమైనదీ అదే.

మన ఊరి గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ కాబట్టి దాచడంలో కొంత జాగ్రత్త అవసరం. ఇనుప క్లిప్పులు, గుండుసూదులు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి కాగితం మీద గోధుమ రంగు మరక వేస్తాయి, అందుకని ఫోల్డర్లను నూలుదారంతో కట్టించండి. పోస్టర్ కలర్ పూర్తిగా ఆరకముందే కాగితాలను ఒకదానిపై ఒకటి పెడితే అతుక్కుపోతాయి, బూజు కూడా పడుతుంది. వానాకాలంలో రంగు వేసిన కాగితాన్ని ఒక రాత్రంతా దండెం మీద ఆరవేసిన తరువాతే ఫోల్డర్‌లో పెట్టించాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు వస్తాయి కనుక ఫోల్డర్లను కింది అరలో ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని తాకిన తరువాత కాగితంతో పని ఉన్న ఇక్కడివారెవరికీ ఈ మాట విడమరచి చెప్పనవసరం లేదు.

నాలుగు ప్రయత్నాలు

నేను పడవను ఎంచుకుంటాను. ఇది సముద్రపు ఊరు, పడవను చూడని పిల్లవాడు ఇక్కడ ఉండడు, అయినా దాన్ని సరిగా గమనించినవారు తక్కువ. గాజువాక, పెందుర్తి వంటి చోట్ల పనిచేసేవారు ఆటోనో, సైకిలునో, ఇంటి ముందున్న వేపచెట్టునో తీసుకోవచ్చు. పిల్లలు రోజూ దాటిపోయే వస్తువు అయితే చాలు.

మొదటి పీరియడులో ఏమీ వివరించకుండా, ఏ నమూనా చూపించకుండా, జ్ఞాపకంతో పడవను గీయమనండి. చాలామంది అరచంద్రుడి ఆకారం ఒకటి గీసి, మధ్యలో ఒక కర్ర నిలబెట్టి, దానికి త్రికోణపు తెరచాప కడతారు. ఏమీ అనకండి, దిద్దకండి. తేదీ వేయించి ఫోల్డర్‌లో పెట్టించండి.

రెండో ప్రయత్నానికి ముందు ఒక వారం గడువిచ్చి, అసలైన పడవను చూసి రమ్మనండి. ఊరికే చూసి రమ్మంటే ఎవరూ చూడరు కాబట్టి ఒకే ఒక ప్రశ్న ఇవ్వాలి: పడవ ముందు భాగం ఎత్తుగా ఉంటుందా, వెనక భాగమా? వీలైతే ఒక శనివారం, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఫిషింగ్ హార్బరుకు తీసుకువెళ్ళి, మరబోట్లకు ఎదురుగా, రాకపోకలకు అడ్డం లేని చోట కూర్చోబెట్టండి. ఈసారి గీయడానికి ఒక షరతు ఉంది: రబ్బరు వాడకూడదు. గీత తప్పనిపిస్తే దాన్ని అలాగే ఉంచి, పక్కనే సరైన గీత గీయాలి. రబ్బరు చేతిలో ఉన్నంతసేపు పిల్లవాడి దృష్టి పడవ మీద కాక తన తప్పు మీదే ఉంటుంది. రబ్బరు తీసేశాక మొదటి పది నిమిషాలు ఇబ్బంది పడతారు, ఆ తరువాత కళ్ళు కాగితం మీద నుంచి పడవ మీదికి, పడవ మీద నుంచి కాగితం మీదికి తిరగడం మొదలవుతుంది. నేర్చుకోవడం జరుగుతున్నదనడానికి నాకు తెలిసిన మొదటి గుర్తు ఆ చూపుల రాకపోకలే.

మూడో ప్రయత్నం తోటి విద్యార్థుల మాటలు విన్న తరువాత వేయాలి. అన్నిటిలోకీ విలువైన దశ ఇదే, చెడగొట్టడానికి అన్నిటికంటే సులభమైనదీ ఇదే, అందుచేత దీన్ని కొంచెం విడమరచి చెబుతాను.

తరగతి గదిలో ఒక మూల నుంచి మరో మూలకు తాడు కట్టి, ప్లాస్టిక్ క్లిప్పులతో రెండో ప్రయత్నపు బొమ్మలను తగిలించండి. మొదటి రెండు నిమిషాలు అందరూ మాట్లాడకుండా చూస్తూ నడవాలి. ఆ తరువాత మూడు బొమ్మలను మాత్రమే చర్చకు తీసుకోండి. నలభై బొమ్మల గురించీ ఒకే పీరియడులో మాట్లాడాలనుకుంటే ఏ ఒక్కదాని గురించీ మాట్లాడినట్టు కాదు. ఎవరి బొమ్మ ఏ వారం చర్చకు వచ్చిందో హాజరు పట్టీ వంటి జాబితాలో గుర్తు పెట్టుకుంటే టర్ము ముగిసేలోగా అందరి వంతూ వస్తుంది. ఈ చర్చలో రెండు మాటలకు చోటు లేదు, ఒకటి "బాగుంది", రెండోది "బాలేదు". మాట్లాడేవారు బొమ్మ దగ్గరికి వెళ్ళి, వేలితో ఒక చోటు చూపించి, అక్కడ తమకు ఏమి కనిపిస్తోందో చెప్పాలి, ఆ తరువాతే ఏమి మార్చవచ్చో అడగాలి. వేలు పెట్టి చూపించాలన్న నియమం చిన్నదిగానే కనిపిస్తుంది కానీ దానివల్ల మాట మనిషి మీదికి పోకుండా గీత మీదే నిలుస్తుంది.

ఒకసారి తరగతిలో అందరికంటే నీటుగా గీస్తాడని పేరున్న అబ్బాయి పడవ తాడు మీద వేలాడుతోంది. గీతలు శుభ్రంగా ఉన్నాయి, నీడలు కూడా వేశాడు. వెనక బెంచీలో కూర్చునే, అప్పటిదాకా చిత్రలేఖనం పీరియడులో నోరు విప్పని ఒక అబ్బాయి లేచి వచ్చి పడవ ముక్కు మీద వేలు పెట్టాడు. "ఇది ఇలా చదునుగా ఉంటే కెరటం ఎక్కదు సార్, లోపలికి నీళ్ళొచ్చేస్తాయి. మా నాన్న పడవకి ఇది పైకి లేచి ఉంటాది" అన్నాడు. బొమ్మ గీసిన అబ్బాయి కొంచెంసేపు చూసి, "ఎంత పైకి?" అని అడిగాడు. రెండోవాడు తన మోచేతిని బల్ల మీద ఆనించి, అరచేతిని పైకి వంచి చూపించాడు. మూడో ప్రయత్నంలో ఆ నీటు పడవకు ముక్కు లేచింది, దాని కింద మొదటిసారిగా ఒక కెరటం కూడా వచ్చింది. వస్తువును ఎరిగినవాడి మాట బొమ్మకు ఎంత బలమిస్తుందో ఆ రోజు తరగతి మొత్తం చూసింది. ఆ జాలరి పిల్లవాడు అప్పటి నుంచి ప్రతి చర్చలోనూ మాట్లాడాడు.

నాలుగో ప్రయత్నం పూర్తిగా స్వేచ్ఛగా ఉండాలి, అయితే ఆ స్వేచ్ఛకు ఒక హద్దు పెట్టాలి. ఇంతవరకు నేర్చుకున్న పడవను ఎవరూ చూడని చోటు నుంచి చూపించమనండి: నీటి అడుగు నుంచి చేప చూసినట్టు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం నుంచి చూసినట్టు, అర్ధరాత్రి, వానలో, రెండే రంగులతో. వీటిలో ఏదో ఒకటి విద్యార్థే ఎంచుకోవాలి. పరిశీలన వల్ల పిల్లల ఊహ ఎండిపోతుందని భయపడే ఉపాధ్యాయులు ఉన్నారు, వారి మాటతో నేను ఏకీభవించలేను. పడవ అడుగు ఎలా ఉంటుందో తెలిసిన పిల్లవాడే చేప కంటితో దాన్ని ఊహించగలడు. మూడో ప్రయత్నం దగ్గరే ఆగిపోయి, ఉన్నది ఉన్నట్టు గీయడంతో సంతోషపడితే మాత్రం ఆ భయం నిజమవుతుంది. కాబట్టి సమయం చాలకపోతే మరేదైనా తగ్గించుకోండి, నాలుగో కాగితాన్ని మాత్రం వదులుకోకండి.

"నాకు రాదు సార్" అనే వయసు

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పిల్లల చిత్రాల్లో కనిపించే దశలను 1947లో వివరించారు. ఆయన లెక్క ప్రకారం సుమారు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు తమ బొమ్మ అసలు వస్తువులా లేదన్న స్పృహ కలుగుతుంది. మన బడుల్లో అది ఐదు, ఆరు తరగతుల వయసు. అంతవరకు గోడలన్నీ నింపిన పిల్లలు సరిగ్గా అప్పుడే "నాకు రాదు" అని పెన్సిలు కింద పెట్టేస్తారు. వారి చూపు పెరిగింది, చేయి ఇంకా దాన్ని అందుకోలేదు. అటువంటి పిల్లలకు ధైర్యం చెప్పే మాటలకంటే వారి సొంత ఫోల్డర్ తెరిచి మొదటి కాగితాన్నీ మూడో కాగితాన్నీ పక్కపక్కన పెట్టడమే ఎక్కువగా పనిచేస్తుంది. ఆ రెండింటి మధ్య తేడాలు రెండు చెప్పమని అడగండి. చెప్పేటప్పుడు వారి గొంతు మారుతుంది.

ఇదే సందర్భంలో నేను చేసిన ఒక పొరపాటును ఇక్కడ రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు పోటీ కోసం తన నాయనమ్మ బొమ్మ వేసింది. వేళ్ళు కుదరలేదు. గడువు దగ్గర పడిందని నేనే కూర్చుని ఆ వేళ్ళను సరిచేశాను. బొమ్మకు బహుమతి వచ్చింది. మరుసటి నెల మళ్ళీ ఏదైనా వేయమని అడిగితే, "అది మీరు వేసిందే కదా సార్" అంది, అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ఏడాది ఆ అమ్మాయి మరో బొమ్మ వేయలేదు. అప్పటి నుంచి విద్యార్థి కాగితం మీద నా పెన్సిలు ఆననివ్వడం లేదు. చూపించవలసి వస్తే వేరే కాగితం ముక్క మీద గీసి చూపిస్తాను, చూపించిన వెంటనే ఆ ముక్కను తీసేస్తాను, లేకపోతే పిల్లలు దాన్నే ఎక్కించుకుంటారు. మీ తరగతిలో కూడా ఈ నియమాన్ని పెట్టుకోమని వేడుకుంటున్నాను.

సముద్రం రంగు ఏమిటి

రంగుల విషయంలో కూడా పద్ధతి ఇదే. సముద్రం అనగానే ప్రతి చేయీ నీలం డబ్బా వైపు వెళుతుంది. ఒక కాగితాన్ని ఎనిమిది గళ్ళుగా మడతపెట్టించి, ఎనిమిది రోజులపాటు ఒకే వేళకు చూసిన సముద్రం రంగును, గుర్తున్నంతలో, ఒక్కో గడిలో కలిపి నింపమనండి. వాన పడిన మరునాడు ఒడ్డు దగ్గర నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, మబ్బు పట్టిన రోజున బూడిదరంగులోకి తిరుగుతాయి, తేట ఎండలో ఆకుపచ్చ కలుస్తుంది. సముద్రం కనిపించని ఇళ్ళవారు సింహాచలం కొండనో, యారాడ కొండనో గమనించవచ్చు. దూరం పెరిగేకొద్దీ కొండ పచ్చదనం పోయి నీలిబూడిదగా మారడం వారికి కనిపిస్తుంది. ఈ పనికి ఎరుపు, పసుపు, నీలం, తెలుపు చాలు, నల్లరంగు డబ్బాను కొన్ని వారాలు బీరువాలో దాచండి. నలుపు అందుబాటులో ఉంటే ప్రతి నీడా నల్లబడుతుంది, అది లేనప్పుడే పిల్లలు నీడలో నీలాన్నీ ఊదారంగునూ వెతుకుతారు.

భీమునిపట్నం దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్ళగలిగితే ఎరుపు అనేది ఒక్క రంగు కాదని అరగంటలో తెలిసిపోతుంది. ఎండ పడిన అంచున నారింజ, లోతైన గండిలో దాదాపు గోధుమ, మధ్యలో ఇటుకరంగు కనిపిస్తాయి. ఆ దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం కాబట్టి గుప్పెడు మట్టి కూడా తీసుకురాకూడదని ముందుగానే పిల్లలకు చెప్పండి. అక్కడ రంగును కాగితం మీద కలుపుకుని తెచ్చుకోవాలి.

ఏడాదికొక్కసారి ఏటికొప్పాక ప్రయాణం పెట్టుకోగలిగితే మరీ మంచిది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది. లేతు యంత్రం మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కణికను ఆనించగానే రాపిడి వేడికే అది కరిగి కర్రను పట్టుకోవడాన్ని పిల్లలు రెప్పవేయకుండా చూస్తారు. గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు ఆ లక్కలో కలుస్తాయి. అక్కడ పిల్లల చేత ఒక్క ప్రశ్న తప్పక అడిగించండి: ఈ బొంగరం బాగా కుదరడానికి ముందు ఎన్ని చేసి ఉంటారు? చేతిలో ఉలి పట్టుకున్న మనిషి చెప్పే జవాబుకు ఉన్న బరువు మన ఉపన్యాసానికి రాదు.

ఉపాధ్యాయుడి లాగ్ బుక్

ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక విద్యార్థి తండ్రి మాటల సందర్భంలో, "షిఫ్టు దిగేముందు లాగ్ బుక్కులో రాసి దిగుతామండి మాస్టారూ, తరవాత వచ్చేవాడికి ఏ మిషను ఎలా ఉందో తెలియాలి కదా" అన్నారు. ఆ మాట విన్నాక నేను కూడా ఒక లాగ్ బుక్కు పెట్టుకున్నాను. పీరియడు అయిన వెంటనే మూడు వాక్యాలు రాస్తాను: ఈ రోజు ఏమి అడిగాను, పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, వచ్చేసారి మార్చబోయే ఒక్కటి ఏమిటి. ఒక్కటే అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకేసారి నాలుగు మార్చితే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

ఈ పుస్తకం వల్ల నాకు మొదట తెలిసినది నా మాటల పొడవు. గడియారం చూసుకుంటే నలభై నిమిషాల్లో పద్నాలుగు నిమిషాలు నేనే మాట్లాడుతున్నాను. దాన్ని ఐదు నిమిషాలకు తగ్గించడానికి దాదాపు ఒక టర్ము పట్టింది, ఆ మిగిలిన తొమ్మిది నిమిషాల్లోనే తాడు మీది బొమ్మల చర్చకు చోటు దొరికింది. తరువాత తెలిసినవి చిన్న సంగతులు. నీళ్ళ గ్లాసులు ఒలికి బొమ్మలు పాడవుతున్నాయని నలుగురికొక వెడల్పాటి డబ్బా పెట్టించాను, గోల తగ్గింది. గుండ్రని ఆరో నంబరు బ్రష్షుతో మొదలుపెట్టించినప్పుడు పిల్లలు వివరాల్లో ఇరుక్కోకుండా పెద్ద ఆకారాలు ముందు వేశారు. ఇటువంటివి పుస్తకాల్లో దొరకవు, ఎవరి తరగతికి వారే రాసుకోవాలి.

ఉపాధ్యాయుడు కూడా పిల్లలతో పాటు బొమ్మ వేయాలి. వారానికి ఒక్కసారైనా ఆర్టీసీ కాంప్లెక్సులోనో, పూర్ణా మార్కెట్టులోనో పావుగంట నిలబడి మనుషులను గీసి, ఆ పుస్తకాన్ని తరగతికి తీసుకురండి, కుదరని పేజీలతో సహా చూపించండి. మాస్టారికి కూడా గీత తప్పుతుందని చూసిన పిల్లలు తమ తప్పు గీతను దాచుకోరు. దగ్గరలోని మరో బడి డ్రాయింగ్ మాస్టారితో స్నేహం చేసుకుని నెలకొకసారి ఐదేసి ఫోల్డర్లు మార్చుకుని చూడడం మరొక మంచి అలవాటు. రోజూ చూసే కంటికి కనిపించనిది కొత్త కంటికి వెంటనే కనిపిస్తుంది. ప్రసిద్ధ ఆంధ్ర చిత్రకారుడు దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్ళేలా ప్రోత్సహించినది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అటువంటి చూపు ఉపాధ్యాయుడికి ఊరికే రాదు, తానూ కుంచె పట్టేవాడు కనుకనే ఆయనకు వచ్చింది.

మార్కులు, పీరియడ్లు

మార్కులు ఇవ్వక తప్పనప్పుడు చివరి బొమ్మ అందానికి కొంత, మొదటి కాగితం నుంచి నాలుగో కాగితం వరకు జరిగిన ప్రయాణానికి కొంత ఇవ్వండి. ఒక విద్యార్థిని పక్కవారితో కాక తన మొదటి కాగితంతోనే పోల్చాలి. పరీక్షలు దగ్గరపడగానే చిత్రలేఖనం పీరియడును లెక్కలకు ఇచ్చేయమన్న ఒత్తిడి ప్రతి బడిలోనూ ఉంటుంది. అప్పుడు వాదనకు దిగే బదులు రెండు విషయాలను మర్యాదగా ముందుంచండి. పదో తరగతి వరకు కళలు పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సిఫారసు చేసింది, పాఠ్యాంశాలకూ పాఠ్యేతర అంశాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. వాటితో పాటు నాలుగు కాగితాలున్న ఒక ఫోల్డర్‌ను ప్రధానోపాధ్యాయుల బల్ల మీద తెరిచి పెట్టండి. నా అనుభవంలో పత్రాలకంటే ఆ ఫోల్డరే ఎక్కువసార్లు పీరియడును నిలబెట్టింది.

ఏప్రిల్, జూన్

ఏప్రిల్‌లో ఒక్కొక్క విద్యార్థితో రెండేసి నిమిషాలు కూర్చుని, ఏడాది పనిలో నుంచి మూడు బొమ్మలు ఎంచుకోమనండి: తనకు నచ్చినది, తనకు కష్టమైనది, ఇంకా పూర్తికాలేదని అనిపిస్తున్నది. మూడోదాన్ని ఏది ఎంచుకున్నారో లాగ్ బుక్కులో రాసుకోండి, వచ్చే ఏడాది ఆ పిల్లవాడి పని అక్కడి నుంచే మొదలవుతుంది. పడవల మొదటి కాగితాన్నీ నాలుగో కాగితాన్నీ బడిలోనే ఉంచి, మిగతా ఫోల్డర్‌ను ఇంటికి పంపండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ బోట్లన్నీ హార్బరులో కదలకుండా ఉంటాయి, కొన్నిటికి మరమ్మతులు జరుగుతాయి, కొన్నిటికి కొత్త రంగులు వేస్తారు. బొమ్మ వేసేవారికి ఇంత ఓపికగా నిలబడే నమూనా మరొకటి దొరకదు కాబట్టి, వేసవి సెలవుల్లో పెద్దవాళ్ళతో కలిసి ఒక్కసారైనా అక్కడికి వెళ్ళి చూసి రమ్మని పిల్లలకు చెప్పి పంపండి. గీసుకు రమ్మని మాత్రం చెప్పకండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి పీరియడులో, పాత కాగితాలేవీ బయటికి తీయకుండా, తెల్ల కాగితం ఇచ్చి జ్ఞాపకంతో పడవను గీయమనండి. గీయడం అయ్యాక దాని వెనక తేదీ వేయించి, అప్పుడు బీరువా తెరిచి కిందటి ఏడాది మొదటి కాగితాన్ని వారి చేతికివ్వండి.